ముందు కూరలు కొనండి, తర్వాత పడవెక్కండి

పారిస్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లు నాలుగు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. ఈఫిల్ టవర్ ముందు ఒక ఫొటో, లూవ్ర్ మ్యూజియం గాజు పిరమిడ్ ముందు ఒకటి, సేన్ నదిలో పడవ మీద ఒకటి, పిల్లలుంటే డిస్నీలాండ్‌లో పది. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది గనక మా ఆవిడా నేనూ ఆ మొక్కులన్నీ తీర్చుకున్నాం. బాగానే ఉన్నాయి. కానీ కృష్ణా డెల్టాలో ఇరిగేషన్ ఇంజినీరుగా ఉద్యోగమంతా కాలువ గట్ల మీద జీపులో తిరిగి రిటైరైన వాడికి సేన్ నదిలో ఏం తోస్తుంది? రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో టూరిస్టులు. నా మొహం చూసి మా అమ్మాయే అంది: "నాన్నా, నీకు పనికొచ్చే ఊరు ఇంకోటుంది. ఊళ్లోనే కాలువలు, కాలువల మధ్య కూరగాయల మళ్లు. శనివారం పొద్దున్నే వెళ్దాం."

ఆ ఊరి పేరు అమియెన్. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్‌లో రైలెక్కితే ఉత్తరంగా గంటా గంటంపావు ప్రయాణం. సోమ్ నది ఒడ్డున ఉంది. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పెర్రే టవర్, నూరు మీటర్లు దాటిన కాంక్రీటు కట్టడం. వృత్తి అభిమానం కొద్దీ కాసేపు మెడ ఎత్తి నిలబడ్డాను. అక్కణ్నుంచి నోటర్ డామ్ కథీడ్రల్‌కు నడిచే వెళ్లొచ్చు. 1220లో మొదలుపెట్టిన కట్టడం. లోపలి ఘనపరిమాణంలో ఫ్రాన్స్‌లోని పాత కథీడ్రల్స్‌లో దీన్ని మించింది లేదు. 1981లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ స్థలం ఒకప్పుడు ఆర్టిచోక్ తోట అనీ, కూరగాయలు పండించుకునే ఆలుమగలు గుడి కోసం దాన్ని దానమిచ్చారనీ ఊళ్లో ఒక కథ చెబుతారు. నిజమో కాదో అటుంచండి. అంత పెద్ద గుడికి స్థలమిచ్చింది ఏ రాజుగారో జమీందారో అనుకోకుండా, కూరలమ్ముకునే వాడని చెప్పుకునే ఊరంటే నాకు ముచ్చటేసింది.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ ఊరి పేరు మనకు కొత్తే గానీ, మన ఊరి పేరు ఆ ప్రాంతానికి కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ పోరాటం జరిగింది ఈ జిల్లాలోనే. 1916 జులై 14 సాయంత్రం, మెషిన్ గన్ల కాలంలో, హై వుడ్ అనే అడవి దగ్గర గుర్రాల మీద దూసుకెళ్లిన దళం పేరు సికింద్రాబాద్ కేవల్రీ బ్రిగేడ్. అందులో దక్కన్ హార్స్ అనే రెజిమెంట్ ఉంది. ఆ అడవి అమియెన్‌కు కారులో గంట దూరం. అక్కడ వీరగాథలు వినే ఓపిక ఉన్నవాళ్లు ఆ వైపు కూడా వెళ్లండి. నేను మాత్రం కాలువల కోసం వచ్చాను.

కథీడ్రల్ నుంచి పావుగంట నడిస్తే రోడ్లు ఆగిపోయి నీళ్లు మొదలవుతాయి. సోమ్, ఆవ్ర్ అనే రెండు నదుల మధ్య చిత్తడి నేల అది. శతాబ్దాల క్రితం నుంచి ఆ బురదను తవ్వి పక్కన పోసి మళ్లు చేసుకున్నారు. తవ్విన చోటల్లా కాలువ అయింది. కొంత భాగం పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టిని తవ్వుకున్న గోతులు. ఇప్పుడు మొత్తం 300 హెక్టార్లు, మన లెక్కలో ఏడువందల ఎకరాల పైమాట. దాన్లో కాలువల పొడవు 65 కిలోమీటర్లు. ఈ తోటల్ని ఒర్తియొనాజ్ అంటారు, పండించేవాళ్లని ఒర్తియోన్లు. చాలా మళ్లకు రోడ్డు లేదు. విత్తనం వెళ్లాలన్నా, ఎరువు వెళ్లాలన్నా, ముల్లంగి కట్ట బయటికి రావాలన్నా పడవే గతి.

ఆ పడవ గురించి చెప్పాలి. తారు పూసిన నల్లటి చెక్క పడవ, అడుగు చదును, రెండు కొసలూ పొడుగ్గా పైకి లేచి ఉంటాయి. ఆ లేచిన కొస అందం కోసమని నేననుకోలేదు, చూడగానే అర్థమైంది. ఒడ్డుకు ఆనించినప్పుడు కొస గట్టు మీదికి ఎక్కి కూర్చుంటుంది, గట్టును పొడవదు. పీట్ మట్టి గట్టు మెత్తన. రోజూ పడవ ముక్కుతో పొడిస్తే సంవత్సరం తిరక్కుండా మడి కాలువలో కలుస్తుంది. గట్టును కాపాడటానికి పడవ ఆకారాన్నే మార్చుకున్న జనం వాళ్లు. మన దగ్గర గట్టును కాపాడమని బోర్డు పెడతాం.

గట్టుకు ఇంకో శత్రువు కూడా ఉంది. నీళ్లలో తిరిగే మస్క్ ర్యాట్ అనే పెద్ద ఎలుక జాతి, దానికి తోడు ఇంకా పెద్దదైన కోయిపు. రెండూ బొరియలు చేసి గట్టును లోపల్నుంచి తినేస్తాయి. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. డెల్టాలో నా సర్వీసంతా గట్టుకు గండి ఎలా పడిందని పైవాళ్లు అడిగితే సగంసార్లు రాసిన జవాబు ఎండ్రకాయ బొరియలు, పందికొక్కు బొరియలు. దేశం మారినా రిపోర్టు మారదు. అక్కడ చెక్క పలకలు, కర్ర గుంజలు దింపి గట్లు నిలబెడుతున్నారు. పూడిక తీస్తే ఆ నల్లటి బురదను లారీలో ఎక్కించి ఊరవతల పారబోయరు, పక్క మడిలోకే ఎత్తిపోస్తారు. కాలువ లోతవుతుంది, మడికి సత్తువ వస్తుంది. ఏడాదిలో మూడు పంటల దాకా తీసేవాళ్లంటే ఆ బురద వల్లే. పెద్ద కాలువల పని ప్రభుత్వ సంస్థలది; చిన్న చీలికలు ఎవరి మడి పక్కవి వాళ్లే శుభ్రం చేసుకోవాలి. ఈ రెండో ఏర్పాటు మీద నాకు గురి కుదిరింది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మేం పడవ కన్నా ముందు సంతకు వెళ్లాం. సేంట్ లూ అనే పాతపేటలో, నది ఒడ్డునే ఉన్న పార్మాంతియే కూడలిలో శనివారం పొద్దున పెడతారు. నీటి సంత అని పేరు ఇంకా ఉంది గానీ ఇప్పుడు కూరలొచ్చేది వ్యాన్లలోనే. జూన్‌లో ఒక ఆదివారం మాత్రం పాత వేషాలు కట్టి, నల్ల పడవల నిండా కూరలు పేర్చుకుని నీళ్ల మీదే వస్తారట. మేం వెళ్లింది మామూలు శనివారం. బల్లల మీద ముల్లంగి, కాలీఫ్లవర్, లెట్యూస్, ఉల్లికాడలకు పెద్దన్నలాంటి లీక్స్. మా ఆవిడ ఒక లీక్స్ కట్ట తిరగేసి చూసింది. వేళ్లకు నల్లమట్టి తడిగా అంటుకుని ఉంది. "పొద్దున పీకిందే" అని తీర్పు చెప్పింది. రూపాయల్లో లెక్కేసి ఉంటే ఆ కట్ట తిరిగి బల్ల మీదికే వెళ్లేది, అమ్మాయి లెక్కేయనివ్వలేదు. అమ్ముతున్నావిడ చేతి గోళ్లలోనూ అదే నల్లమట్టి. మీ పిల్లలు కూడా ఈ పనిలోకే వస్తారా అని మా అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ భుజాలెగరేసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, తర్వాతి మనిషి వైపు తిరిగింది.

సంత తర్వాత పడవ. బ్యాటరీ మోటారు పడవలవి, చప్పుడుండదు, వేగం ఉండదు. అలలు లేస్తే గట్టు కోసుకుపోతుంది కాబట్టి వేగం ఉండకూడదు కూడా. ముప్పావుగంట తిప్పుతారు. అందరూ అబ్బా అంటున్నారు. చెట్ల కొమ్మలు నీళ్ల మీదికి వంగి ఉన్నాయి, బాతులు, కొంగలు, పూల కుండీలు, చిన్న చిన్న చెక్క వంతెనలు. నేను ఒడ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. మడి తర్వాత మడి పచ్చికే. మధ్యలో తెల్ల కుర్చీలు, వారాంతపు గది, మాంసం కాల్చుకునే పొయ్యి. ఎక్కడో ఒకచోట పొడుగ్గా దున్నిన నల్ల సాళ్లు కనబడితే ప్రాణం లేచి వచ్చినట్టయ్యేది. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ దాదాపు వెయ్యి మంది ఒర్తియోన్లు ఉండేవాళ్లు. ఇప్పుడు దీని మీదే బతికేవాళ్లు పది మంది లోపే. రోడ్డు లేని చిన్న మళ్లలోకి ట్రాక్టర్ రాదు, కూలి ఖరీదు, దూరం నుంచి రైళ్లలో లారీల్లో చవక్కూరలు దిగుతాయి, పిల్లలకు వేరే ఉద్యోగాలున్నాయి. మన పల్లెల్లో వినే కారణాలే ఇవి కూడా.

అయితే ఈ 300 హెక్టార్లు ఇవాళ మిగిలి ఉన్నాయంటే దానికి ఒక మనిషి మొండితనం కారణం. 1970లలో ఈ తోటల మీదుగా పెద్ద రోడ్డు వేద్దామని ప్రతిపాదన వచ్చింది. నిస్సో పెలోసోఫ్ అనే ఫొటోగ్రాఫర్ దానికి అడ్డు తిరిగాడు. ఆయన ఆ ఊరివాడు కూడా కాదు. గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపంలో పుట్టిన యూదుడు, నాజీ క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడి అమియెన్‌లో స్టూడియో పెట్టుకున్నాడు. 1975లో తోటల రక్షణకు ఒక సంఘం కట్టాడు. రోడ్డు రాలేదు. మేం ఎక్కిన పడవలు ఆ సంఘానివే. టికెట్టు డబ్బులు తోటల సంరక్షణకు వెళ్తాయి. 2010 నుంచి ఏటా కళాకారులు, తోటల డిజైనర్లు వచ్చి ఈ దిబ్బల మీద కొత్త తోటలు, శిల్పాలు పెట్టే పండగ కూడా జరుగుతోంది. పెలోసోఫ్‌కు నేను రెండు చేతులా దండం పెడతాను. కానీ ఆయన కాపాడింది స్థలాన్ని. పండించేవాడిని కాపాడటం స్థలాన్ని కాపాడినంత తేలిక కాదని ఆ పచ్చికలు చూస్తే తెలుస్తోంది. పడవ టికెట్ల వరుస కూరల బల్లల వరుస కన్నా పొడుగ్గా ఉంటే ఆ తోటలు తోటలుగా ఎన్నాళ్లుంటాయి?

ఇప్పుడు ఇందాక ఆపిన మాట, ఎవరి చీలిక వాళ్లే శుభ్రం చేసుకోవడం గురించి. నా సర్వీసులో డెల్టా పల్లెల నుంచి వచ్చే అర్జీలు పూడిక గురించి, గుర్రపుడెక్క గురించి, చివరి పొలానికి నీళ్లు అందకపోవడం గురించి. తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు కాలువ చూసే లస్కర్ని నిలదీసేవారు. అదే కాలువ విజయవాడలోకి రాగానే అర్జీలు మారిపోయేవి. దోమలు, వాసన, ప్రహరీ గోడ. పూడిక తీయమని నగరం నుంచి ఒక్క కాగితం వచ్చిన గుర్తు నాకు లేదు. ఎందుకొస్తుంది? ఆ నీటితో వాళ్లకు పనిలేదు. అమియెన్‌లో చీలిక కాలువ శుభ్రం చేసుకునే వాడికి అది పౌరధర్మం అని ఎవరూ నేర్పక్కర్లేదు, కాలువ పూడితే వాడి పడవ ఆగిపోతుంది.

ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరే ఏలూరు, రైవస్, బందరు కాలువలు మూడూ బెజవాడ ఊళ్లోంచే పోతాయి. 19వ శతాబ్దం మధ్యలో కృష్ణ మీద మొదటి ఆనకట్ట కట్టాక వచ్చిన కాలువలు. వాటి మీద సరుకు పడవలు నడిచేవి. ఏలూరు కాలువ దారిలో గోదావరి జిల్లాల దాకా నీళ్ల మీదే పోయేవాళ్లు. గట్టు మీద దుకాణానికి ముఖం కాలువ వైపు ఉండేది. పడవలు పోయాయి, రోడ్డొచ్చింది, ఇళ్లూ దుకాణాలూ కాలువకు వీపు పెట్టాయి. వీపు వైపు ఏం పారేస్తామో మనకు తెలుసు. అడపాదడపా కాలువల సుందరీకరణ అంటూ పనులు జరుగుతాయి. రెయిలింగ్, రంగు లైట్లు, పచ్చిక, బెంచీలు. మురుగు తెచ్చి పోసే గొట్టం మాత్రం రెయిలింగ్ కిందే ఉంటుంది. లైటు వెలుతురులో అదే ఇంకా బాగా కనబడుతుంది.

సుందరీకరణకు నేను వ్యతిరేకిని కాను. వాకింగ్‌కు నేనూ వెళ్తాను. కానీ ఒక కాలువ గట్టు మీద పని ఉన్న మనిషి లేకుండా ఎంత రంగు వేసినా అది మూడు వర్షాకాలాల సంగతే. పైగా పనున్న మనుషులు మనకు ఇంకా మిగిలే ఉన్నారు. అమియెన్ వాళ్లు పది మంది లోపుకు దిగజారాక వెతుక్కుంటున్నారు. బ్యారేజీ దాటి కుడిచేతి వైపు తిరిగితే ఉండవల్లి, ఆ పక్కన పెనుమాక. గుహలు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ పొలాల పక్కనుంచే పోతారు, తల తిప్పి చూడరు. అక్కడివి జరీబు భూములు. కొద్ది లోతులోనే నీళ్లు, ఏడాది పొడుగునా ఏదో ఒక పంట. కూరగాయలు, పూలు, అరటి, కంద. బెజవాడ నడిబొడ్డుకు ఆ మళ్లు కొద్ది కిలోమీటర్ల దూరం. ప్రపంచంలో ఎన్ని నగరాలకు ఇది దక్కింది?

2015లో అమరావతి రాజధానికి భూసమీకరణ మొదలైనప్పుడు ముప్పై వేల ఎకరాల పైన ఇచ్చారు రైతులు. ఈ రెండు ఊళ్లలో మాత్రం చాలామంది వెంటనే ఒప్పుకోలేదు. రాజధాని ఎక్కడుండాలన్న తగాదాలోకి నేను పోను, అది తేల్చేవాళ్లు తేలుస్తారు. నేను అడిగేది వేరు. కొత్త నగరం నది ఒడ్డున కడుతున్నప్పుడు, ఇప్పటికే మడి కట్టుకుని నగరానికి కూర పెడుతున్నవాడిని తీసేసి, ఆ జాగాలో పచ్చిక పెంచి, పక్క జిల్లా నుంచి లారీలో టమాటా తెప్పించుకోవడంలో ఏం తెలివి ఉంది?

రైతుకు ప్లాటు విలువ ఎక్కువ, కూరలో ఏముంది అంటారు కొందరు. నిజమే. రైతు పిల్లలు ముల్లంగి పీకుతూనే ఉండాలని, మనం శనివారం వెళ్లి ఫొటో దిగాలని అనడం అన్యాయం. అమ్ముకుంటానంటే అది ఆయన హక్కు. కానీ పండిస్తానన్నవాడికి దారి మూసేయకూడదు కదా. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలన్నారు. ఆ ఆలోచన కాలువ గట్టు మీదికి ఎందుకు రాకూడదు? బందరు కాలువ పక్కన పచ్చిక పరిచే చోట పొద్దుటి పూట ఐదు నుంచి తొమ్మిది దాకా జరీబు రైతులకూ, లంక రైతులకూ బల్లలివ్వండి. కాలువ గట్టు మీద తమ కూర అమ్ముడవుతున్నప్పుడు మురుగు గొట్టం గురించి మొదటి ఫిర్యాదు వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. పోతే, పడవ షికారు పెడితే ఆ టికెట్టులో కొంత పూడికకు పోవాలని ముందే రాసుకోవాలి. తర్వాత ఎవరూ రాయరు.

ఇంకో సంగతి కూడా ఉంది, మా వృత్తిది. 2001 వసంతంలో సోమ్ నది వారాల తరబడి దిగకుండా పొంగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. పల్లపు నేల ఎక్కడైనా నీళ్లను పిలుస్తుంది. మడి మునిగితే ఒక పంట పోతుంది, పరిహారం ఇచ్చి మళ్లీ విత్తనం వేయించొచ్చు. అదే నేల మీద అపార్ట్‌మెంట్ కట్టి ముంచితే పడవలు, హెలికాప్టర్లు, పాల ప్యాకెట్లు పంపాలి. నదీ పల్లాల్లో కూరగాయల సాగు వరదకు వదిలిపెట్టిన జాగా కూడా. ఇది చెప్పడానికి విదేశీ కన్సల్టెంట్ అక్కర్లేదు, ఏ రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్నైనా టీ ఇప్పించి అడగండి.

ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు ఒక శనివారం అమియెన్‌కు ఇవ్వండి. సంత మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు, కాబట్టి పొద్దున రైలే పట్టుకోండి. ముందు కూరలు కొనండి, తర్వాత పడవెక్కండి. ఇక్కడివాళ్లు ఆదివారం పొద్దున ఉండవల్లి గుహలకు వెళ్లినప్పుడు దారిలో బండాపి ఒక ఆకుకూర కట్ట కొనండి.

అమరావతిని నీలి, ఆకుపచ్చ నగరంగా కడతామని ప్లాన్లలో రాసుకున్నారు. ఆ ఆకుపచ్చలో పార్కులెన్ని ఎకరాలో, కూరగాయల మళ్లెన్ని ఎకరాలో విడివిడిగా చూపించాలి. జరీబులోనూ లంకల్లోనూ ఇంకా సాగవుతున్న నేలకు మాస్టర్ ప్లాన్ మీద పార్కు రంగు వేయకండి. సాగుభూమి అనే రాసి, సాగు చేస్తానన్నవాడి పేరు మీదే ఉంచండి.